కొబ్బరిచెట్టు ఒకరిది, కింద నేల ఇంకొకరిది

బ్యాంకులో ఇంటి లోను కోసం మీరిచ్చే దస్తావేజుల కట్టని ఎవరో ఒకరు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదవాలి. చెన్నైలో ఆ పని చేసేవాళ్లలో నేనొకదాన్ని. ఒక లాయరుగారి దగ్గర పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. మూల దస్తావేజు, ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), పట్టా, చిట్టా, వారసుల సర్టిఫికెట్టు. ఎక్కడో ఒక చెల్లెలి సంతకం లేదని తేలితే నాకు పండగ, అవతలివాళ్లకి టెన్షన్. మా ఆయన నన్ను ‘సంతకాల పోలీసు’ అంటాడు.

పోయిన వారం ఒక తెలుగు దస్తావేజు నా బల్ల మీదికొచ్చింది. సూళ్లూరుపేట వైపు భూమి, కొడుకు చదువు లోనుకి హామీ. 1978 నాటిది, చేతిరాత. చివర్లో ఎప్పుడూ ఉండేదే: ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యములను అష్టభోగ తేజస్స్వామ్యములతో సహా’ అమ్మితిమి అని. అంటే భూమితోపాటు దాంట్లో పాతిపెట్టిన సొమ్ము, నీళ్లు, రాళ్లు, ఇప్పుడు వచ్చేది, రేపు రాబోయేది అన్నీ ఒకే మూటగా కట్టి కొన్నవాడి చేతిలో పెట్టినట్టు. మామూలుగా ఈ ముక్కని చదవకుండానే దాటేస్తాను. ఈసారి పెన్ను అక్కడే ఆగింది. ఇండోనేషియాలోని జావా దీవిలో మా తమ్ముడి అత్తగారి ఊరు గుర్తొచ్చింది. అక్కడ ఈ మూటని ఎవరో విప్పి ఊరంతా పంచినట్టుంటుంది.

మా తమ్ముడి ఉద్యోగం జకార్తాలో. 2014లో అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. మా నాయన రెండు నెలలు వాడితో మాట్లాడలేదు. తర్వాత ఆ పిల్ల మదనపల్లె దగ్గర మా ఊరికొచ్చి, నేల మీద కూర్చుని చేత్తో సంకటి ముద్ద మింగేసరికి మెత్తబడ్డాడు. ఆమె పుట్టిన ఊరు మధ్య జావాలో, మగెలాంగ్ జిల్లాలో ఉంది. బొరొబుదూర్ బౌద్ధ కట్టడం పేరు వినే ఉంటారు. దానికి దక్షిణాన మెనొరే కొండల వరస, ఆ కొండల కింద ఈ చిన్న ఊరు. తెల్లవారుజామున మబ్బు లేకపోతే తూర్పున మెరాపి అగ్నిపర్వతం పొగ వదులుతూ కనపడుతుంది. 2010లో అది పేలినప్పుడు బొరొబుదూర్ మీద కూడా బూడిద పడింది. అప్పుడు మా ఇంట్లో అరటాకులు సున్నం పూసినట్టు తెల్లగా అయిపోయాయి అని మరదలు చెప్తుంటుంది.

మరదలి నాన్న 2020 జనవరిలో పోయారు. జావా వాళ్లు పోయిన మనిషికి మూడో రోజు, ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, ఏడాది, రెండేళ్లు చేసి చివరికి వెయ్యో రోజు చేస్తారు. వాళ్లు ముస్లింలే, ఖురాన్ చదివే చేస్తారు, కానీ ఆ రోజుల లెక్క మాత్రం పాత జావాది. సమాధికి గట్టి రాయి పెట్టేది సాధారణంగా ఆ వెయ్యో రోజుకే. అది 2022 అక్టోబర్‌లో వచ్చింది. కోవిడ్ వల్ల ముందువాటికి దేనికీ పోలేకపోయాం కాబట్టి దీనికి అమ్మా నేనూ వెళ్లాం. కౌలాలంపూర్‌లో ఫ్లైటు మారి జొగ్జకార్తా, అక్కడి నుంచి కారు. పది రోజులున్నాం. చుట్టపుచూపుగానే వెళ్లాను, కానీ వృత్తిరోగం ఎక్కడికి పోతుంది? దిగిన రెండో రోజుకే ‘ఈ స్థలం ఎవరి పేరు మీద ఉంది?’ అని అడగడం మొదలుపెట్టాను.

ముందు కొలతలు చెప్తాను. జావా ద్వీపం ఇంచుమించు తమిళనాడంత ఉంటుంది. జనం మాత్రం 2020 లెక్కల్లోనే 15 కోట్లు దాటారు. 2011లో తమిళనాడు జనం 7 కోట్ల చిల్లర, మీరే లెక్కేసుకోండి. అందుకని అక్కడ ఎకరాల మాట ఎత్తితే నవ్వుతారు. అంతా చదరపు మీటర్లే. మరదలి నాన్నగారి వరిమడి 1,600 మీటర్లు, మన లెక్కలో 40 సెంట్లకి కాస్త తక్కువ. ఫోన్లో ఇది విని మా నాయన ‘పొలం ఎంతని అడిగితే నారుమడి చెప్తావేమే’ అన్నాడు. అర హెక్టారులోపు సేద్యం చేసేవాళ్లని అక్కడ ‘పెతాని గురెమ్’ అంటారు. గురెమ్ అంటే కోడిపేను. వెటకారానికి కాదు, సర్కారు లెక్కల్లో కూడా అదే మాట. 2023 వ్యవసాయ గణన ప్రకారం ఇండోనేషియాలో భూమి సాగుచేసే కుటుంబాల్లో నూటికి అరవై పైన ఈ కోడిపేలే.

వరిమడి కాక ఇంటి చుట్టూ దొడ్డి ఉంది. దాన్ని పెకరాంగన్ అంటారు, 900 మీటర్లు. కొబ్బరి, అరటి, పనస, బొప్పాయి, కర్రపెండలం, వెదురు పొద, బావి, కోళ్ల గూడు అన్నీ దాంట్లోనే. కాంపౌండు గోడ లేదు. మందార కంచె ఒకటుంది, దాని మధ్యలో మనిషి పట్టేంత సందు. పొద్దున ఆ సందులోంచి ఎవరెవరో వచ్చి మన వంటింటి వెనక నుంచి నడుచుకుంటూ అటు పోతుంటారు, పోతూ పోతూ పలకరిస్తారు. మా పెరంబూరులో అయితే దీనికి దారి హక్కు అని పేరు పెట్టి పదేళ్లు కోర్టులో తిరుగుతారు. ఇంటి ముందు గోడకి మేకు కొట్టి చిన్న డబ్బా ఒకటి వేలాడదీసి ఉంది. రాత్రి గస్తీ తిరిగే కుర్రాళ్లు దాంట్లో పెట్టిన గుప్పెడు బియ్యమో, 500 రూపియా బిళ్లో తీసుకుపోతారు. 500 అంటే కంగారు పడకండి, మన డబ్బుల్లో మూడు రూపాయల లోపే. ఆ డబ్బు కుర్చీలకో, వీధి లైటుకో, ఎవరికైనా జబ్బు చేస్తేనో వాడతారు.

ఇక ఆ చెట్టు సంగతి.

బావి పక్క మందార కంచెకి అవతల, రెండడుగుల దూరంలో ఒక కొబ్బరిచెట్టు ఉంది. కంచెకి అవతల అంటే మరదలి చిన్నాన్న స్థలం. ఆ దొడ్డి ముప్ఫై ఏళ్ల కింద అన్నదమ్ములు పంచుకున్నారు. పొద్దున ఆరింటికి ఒకాయన వచ్చి ఆ చెట్టు ఎక్కాడు. కాండం మీద కాలు పెట్టడానికి గాట్లు కొట్టి ఉన్నాయి, నడుముకి కట్టిన డబ్బా ఊగుతోంది. పైన పువ్వు కొసని పల్చగా చెక్కి, రాత్రంతా కారిన రసాన్ని దించి, కొత్త డబ్బా కట్టి దిగాడు. డబ్బాలో అడుగున కాస్త సున్నం వేస్తారు, రసం పులిసిపోకుండా. మా అమ్మ చూసి ‘కల్లు గీసినట్టే ఉందే’ అంది. అదే పని, కానీ అది తాగడానికి కాదు. ఆయన ఆ డబ్బా తెచ్చి కంచె సందులోంచి ఇవతలికి, మరదలి వాళ్లమ్మకిచ్చి వెళ్లిపోయాడు. ఆమె దాన్ని పెద్ద బాణలిలో పోసి కట్టెల పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నానికి చిక్కటి పాకమైంది. కొబ్బరి చిప్పల్లో పోస్తే ఆరి, అరచేతిలో పట్టే ముదురు రంగు బెల్లం అచ్చులయ్యాయి.

‘చెట్టు మీ చిన్నాన్నదా?’ అని అడిగాను మరదల్ని.

‘కాదు, అమ్మది. మా అక్క పుట్టినప్పుడు అమ్మ నాటింది.’

‘మరి నేల?’

‘చిన్నాన్నది.’

‘ఎక్కినాయన?’

‘ఆయన వేరే. ఈ ఐదు రోజులు రసం మనకి. వచ్చే ఐదు రోజులు ఆయన ఇంటికి తీసుకుపోతాడు.’

జావాలో ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల వారం కూడా ఉంది: లెగి, పాహింగ్, పోన్, వాగె, క్లివోన్. ఊళ్ల సంతలు ఆ లెక్కన జరుగుతాయి, ఈ చెట్టు కూడా ఆ లెక్కనే నడుస్తోంది. రాలిన మట్టలు చిన్నాన్న వాళ్లావిడ పొయ్యిలోకి. నేను మనసులోనే దస్తావేజు రాయడం మొదలెట్టి, ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్ దగ్గర ఆగిపోయాను. ఏమని రాయాలి?

తర్వాత తెలిసింది, ఇది ఆ ఒక్క ఊరి వింత కాదని. మన చట్టంలో నేలకి అంటుకున్నది నేలతోనే పోతుంది. ఇండోనేషియాలో 1960 నాటి మూల భూచట్టాన్ని ఊళ్ల ఆచారాల మీద కట్టారు. దాని ప్రకారం నేల వేరు, నేల మీద ఉన్న ఇల్లు వేరు, చెట్టు వేరు. వేరువేరు మనుషులకి ఉండొచ్చు. ఇల్లు కూడానా అని నేనూ అడిగాను. వాళ్ల ఇల్లు పాతకాలపు చెక్క ఇల్లు, టేకు స్తంభాలు, మేకు లేకుండా అతికించిన దూలాలు. దాన్ని 1980ల్లో మరదలి నాన్న వేరే ఊళ్లో కొన్నారు. ఇల్లు కొన్నారు, స్థలం కాదు. కప్పు విప్పి, దూలాలకి గుర్తులు పెట్టి, లారీలో తెచ్చి ఊరివాళ్లంతా కలిసి మళ్లీ నిలబెట్టారు. కూలి లేదు, మూడు పూటలా భోజనం, కాఫీ, సిగరెట్లు. రేపు వాళ్లింట్లో ఇల్లు కడితే మనం పోవాలి, అంతే. ఇప్పుడు జొగ్జకార్తా నుంచి వ్యాపారులొచ్చి ఈ స్తంభాలని తడిమి చూసి పోతున్నారట. హోటళ్లకీ కాఫీ షాపులకీ పాత ఇళ్లు కావాలి కదా. మేమున్న పది రోజుల్లోనే ఒకతను వచ్చాడు. మరదలి తమ్ముడు కాఫీ ఇచ్చి, వాతావరణం గురించి గంట మాట్లాడి పంపేశాడు. జావా వాళ్లు ‘లేదు’ అనే మాటని ఎంత దూరం నుంచి తిప్పి తెస్తారో చూడాలి.

మడి దగ్గరికొస్తే లెక్క ఇంకా చిక్కు. దున్నేది వాళ్లు కాదు, పక్కింటాయన, సగం కోరుకి. దాన్ని మారో అంటారు, ‘రెండుగా చేయడం’ అని అర్థమట. మూడులో ఒక వంతయితే మెర్తెలు. మా వైపు కోరు మాటలు మా జేజి నోట విన్నవే నాకు గుర్తొచ్చాయి. పంట కోతకొస్తే అమ్మేది బస్తాల్లెక్కన కాదు. పైరు నిలువునా ఉన్నప్పుడే ఒక వ్యాపారి వచ్చి గట్టు మీద నడుస్తూ, అక్కడక్కడ కంకి పీకి గింజ కొరికి చూసి మొత్తానికి ఒక ధర చెప్తాడు. బయానా ఇచ్చిన రోజు నుంచి ఆ పైరు అతనిది. కోసే మనుషుల్ని అతనే తెచ్చుకుంటాడు. పూర్వం ఇలా ఉండేది కాదట. ఊరి ఆడవాళ్లంతా వేళ్ల మధ్య ఇమిడే చిన్న కత్తితో కంకి కంకీ కోసి, కోసినదాంట్లో వాటా తీసుకుపోయేవాళ్లు. ‘ఎవరొచ్చినా వద్దనడానికి లేదు, అందుకే ఒక్కోసారి మడిలో పైరు కంటే జనం ఎక్కువ’ అని మరదలి వాళ్లమ్మ నవ్వింది. 1970ల్లో కొత్త పొట్టి వరి రకాలు, కొడవళ్లు, ఈ నిలువు బేరాలు వచ్చాక ఆ వాటా చాలామందికి పోయింది. ఆమె నవ్వుతూ చెప్పినా, ఆ వాటా పోగొట్టుకున్నవాళ్లలో ఆమె తల్లి కూడా ఉంది.

అయినా మిగిలినవి మిగిలాయి. మేమున్నప్పుడు పక్క మడి కోశారు. నూర్పిడి మిషను ఇంకా ఆగకముందే ముగ్గురు ముసలమ్మలు తలకి గుడ్డలు చుట్టుకుని దిగారు, పరిగె ఏరడానికి. వ్యాపారి మనిషి వాళ్లని చూడనట్టు తల అటు తిప్పుకున్నాడు. తెల్లారి ఒక కుర్రాడు పొడుగు వెదురు కర్రతో రెండొందల బాతుల్ని తోలుకొచ్చి దించాడు. సాయంత్రం దాకా గింజా నత్తా ఏరుకుని తిన్నాయి, మడి కాస్తా బురద అద్దంలా అయింది. ఆ కుర్రాడిది ఏ ఊరో కూడా వాళ్లకి తెలియదు. గట్ల మీద గడ్డి ఎవరి పశువుకి కావాలంటే వాళ్లు కోసుకుంటారు. కాలవ నీళ్లు తిప్పే మనిషిని ఉలు-ఉలు అంటారు, మన నీరుగంటి. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. 40 సెంట్లు కూడా లేని నేలకి వాటాదారులు ఎనిమిది మంది దాటారు.

ఇంకొకటి మర్చిపోయాను, భోగ్యం. మరదలి పెద్దన్న 2011లో మలేషియా తోటల్లో పనికి పోయాడు. ఏజెంటుకి కట్టడానికి డబ్బు కావాలి. వాళ్ల నాన్న మడిలో సగం ఊరి కిరాణా కొట్టతనికి పెట్టారు. మన భోగ్యం లాంటిదే: వడ్డీ లేదు, అసలు తిరిగిచ్చేదాకా పంట అతనిది. అప్పుని మాత్రం రూపియాల్లో రాసుకోలేదు, బంగారం గ్రాముల్లో రాసుకున్నారు. రూపియా విలువ మీద వాళ్లకున్న నమ్మకం అంత! ఇక్కడ నా పోలీసు బుద్ధి లేచింది. 1960లోనే వాళ్లకో చట్టం ఉంది. వ్యవసాయ భూమిని భోగ్యానికి పట్టినవాడు ఏడేళ్లు అనుభవిస్తే ఆపైన పైసా తీసుకోకుండా తిరిగిచ్చేయాలి. ఇది తెలిసి నేను ఎగిరి గంతేసి, ‘2018కే మీరు ఒక్క గ్రాము కూడా కట్టక్కర్లేదు కదా!’ అన్నాను. పెద్దన్న నా వైపు జాలిగా చూశాడు. 2019లో మొత్తం గ్రాములూ కట్టేసే విడిపించుకున్నారట. ‘చట్టం ప్రకారం తీసేసుకుంటే, రేపు ఈ ఊళ్లో మాకెవరు ఇస్తారక్కా’ అన్నాడు. తమ్ముడు తెలుగులోకి మార్చి చెప్పేటప్పుడు వాడి మొహంలో కూడా అదే జాలి.

కాగితాలు చూడాలని పట్టుబట్టి ఊరి ఆఫీసుకి పోయాను. ఊరి పెద్దని లురా అంటారు, ఓట్లేసి ఎన్నుకుంటారు. కానీ కాగితమంతా చారిక్ చేతిలో ఉంటుంది. చారిక్ అంటే అచ్చం మన కరణం. ఈ లురాకీ చారిక్‌కీ పదవిలో ఉన్నన్నాళ్లు అనుభవించడానికి ఊరి భూమి కొంత ఇస్తారు, బెంగ్కొక్ అని. మాన్యం! మన దగ్గర 1956 చట్టంతో ఇనాములు రైత్వారీ పట్టాలైపోయాయి, 1984లో కరణాలే పోయారు. అక్కడ చారిక్‌గారు పొద్దున తన మాన్యం మడిలో బురద తొక్కి, కాళ్లు కడుక్కుని, పది గంటలకి యూనిఫాం వేసుకొచ్చి కూర్చున్నారు. గోళ్లలో బురద ఇంకా ఉంది. నాకు చాలా నచ్చారాయన.

ఆయన బీరువాలోంచి ఒక పాత లావుపాటి పుస్తకం తీశారు. లెతర్ సి అంటారు దాన్ని. నంబరు, పేరు, మడా మెట్టా, ఎంత నేల, ఏ తరగతి, ఎవరి నుంచి ఎవరికి మారింది. పేజీ తిప్పితే మరదలి ముత్తాత పేరుంది, పక్కన ఎర్ర సిరాతో కొట్టేసి తాత పేరు. నాన్నగారి పేరు అసలు ఎక్కనే లేదు. ఈ మనిషి నలభై ఏళ్లు సేద్యం చేశాడు, పుస్తకంలో లేడు. అది శిస్తు పుస్తకం మాత్రమే, హక్కు పత్రం కాదు అని అక్కడి కోర్టులు కూడా అంటాయి. అడంగల్‌లో పేరుంటే చాలనుకుని వచ్చే క్లయింట్లకి నేను రోజూ చెప్పే మాట అదే.

ఆ పుస్తకం గళ్లు చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకో చెప్తాను, కాస్త దారి తప్పుతాను. మా మదనపల్లె సీమ దత్తమండలంలోది. 1800 నుంచి 1807 దాకా అక్కడ మన్రో దొర కలెక్టరు. పొలం పొలం కొలిపించి రైతు పేరునే శిస్తు కట్టించిన రైత్వారీ ఆయన చేతి మీదుగానే గట్టిపడింది. మావైపు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవాళ్లని మా తాత చెప్పేవాడు. చెన్నైలో ఐలండ్ గ్రౌండ్స్ పక్కన జీను లేని గుర్రం మీద ఉన్న విగ్రహం ఆయనదే, రోజూ ఆఫీసుకి పోతూ చూస్తాను. 1811లో ఇంగ్లీషువాళ్లు జావాని డచ్చివాళ్ల నుంచి లాక్కున్నప్పుడు మద్రాసు నుంచి కూడా సైనికులు ఓడలెక్కారు. వాళ్లతోపాటు ఇంజనీరుగా పోయినవాడు కాలిన్ మెకంజీ. అదే, కావలి సోదరుల సాయంతో మన ఊళ్ల చరిత్రలు, అంటే కైఫీయతులు, సేకరించిన మెకంజీ. ఆయనే అక్కడ జావా భూముల పద్ధతి మీద వేసిన కమిటీకి పెద్ద. ఆ తర్వాత అక్కడి ఇంగ్లీషు పాలకుడు రాఫిల్స్ పెట్టిన భూమి శిస్తుకి మద్రాసు రైత్వారీ ఒక నమూనా. మగెలాంగ్ ఉన్న కెదూ సీమ 1812లోనే ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. మంచి వరిమడికి పంటలో సగం, నాసిరకం దానికి మూడో వంతు శిస్తు. 1816లో డచ్చివాళ్లు తిరిగొచ్చాక శిస్తుని మాత్రం వదలకుండా ఉంచుకున్నారు. ఆ శిస్తు లెక్కల వంశంలోదే ఈ లెతర్ సి. మా ఊరి పుస్తకానికి ఈ పుస్తకం దూరపు చుట్టం. ఇదంతా చారిక్‌గారికి చెప్దామని ఆవేశపడ్డాను. తమ్ముడు ‘అక్కా, ఆయనకి భోజనానికి టైమైంది’ అన్నాడు.

ఇప్పుడు సర్కారు ఊరూరా కొలిచి సర్టిఫికెట్లు ఇస్తోంది. 2017 నుంచి ఆ పని జోరందుకుంది. పాత కాగితాలన్నీ ఐదేళ్లలోపు రిజిస్టరు చేయించుకోవాలని 2021లో ఒక రూలు కూడా వచ్చింది. అందుకే వెయ్యో రోజు అయిపోయిన వెంటనే పంపకం తేల్చుకోవాలని ఇంట్లో అనుకున్నారు.

ముందు రోజు ఇరుగుపొరుగు ఆడవాళ్లు పాతికమంది వచ్చి వంటింట్లో కూర్చున్నారు. పిలుపులు లేవు, ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకున్నారు. అమ్మకి ఒక్క ముక్క జావా భాష రాదు, అయినా ఉల్లిపాయల దగ్గర చోటిచ్చేశారు, సాయంత్రం దాకా అక్కడే ఉంది. బంక బియ్యం అన్నం, అరటిపళ్లూ బెల్లమూ వేసిన పాయసం, అపెమ్ అనే పిండివంట చేశారు. అపెమ్ చూసి అమ్మ ‘ఇది మన అప్పమే కదే’ అని ఒకటి చేతిలోకి తీసుకుని అందరికీ చూపించింది. ఆ బెల్లం ఏ చెట్టుదో చెప్పక్కర్లేదు. రాత్రి మగవాళ్లు చాపల మీద కూర్చుని చదివారు, తిన్నారు, ఒక్కొక్కరూ ఒక భోజనం పొట్లం ఇంటికి పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున అదే చాప మీద మరదలి వాళ్లమ్మ, ఆమె నలుగురు పిల్లలు, చిన్నాన్న, వాడ పెద్ద. నేను తలుపు పక్కన. మగపిల్లాడికి రెండు పాళ్లు, ఆడపిల్లకి ఒక పాలు అనే పద్ధతి వాళ్లకీ ఉంది. మగాడు కావడికి రెండు వైపులా బుట్టలు మోస్తాడు, ఆడది వీపున ఒక బుట్ట మోస్తుంది అని దానికో సామెత. చిన్నాన్న ఆ మాటెత్తారు. పెద్దన్న తల అడ్డంగా ఊపాడు. నాన్న మంచాన పడ్డ ఏడాదీ మోసింది అక్క కదా, ఏ లెక్కన ఒక బుట్ట అన్నాడు. మడి నాలుగు సమాన భాగాలు. ఇల్లు, అమ్మ దగ్గరే ఉండే చిన్నవాడికి. దొడ్డిలో పెద్దక్కకి ఒక మూల. గంట పట్టలేదు.

మా మరదలి వాటా 400 మీటర్లు, పది సెంట్లు. దాని మీద ఊళ్లో ఒక గుసగుస ఉందట, భూమి ఇండియాకి పోతుందా అని. విదేశీయుడికి అక్కడ సొంత హక్కు ఉండదు. పెళ్లితో ఉమ్మడి ఆస్తి కలిసిపోయి విదేశీయుడి చేతికి వస్తే ఏడాదిలోపు వదులుకోవాలి. వీళ్లు పెళ్లికి ముందే ఆస్తులు వేరువేరని ఒప్పందం రాసుకున్నారు కాబట్టి గొడవ లేదు. ఆ ఒప్పందం చూసి అప్పట్లో మా నాయన ‘పెళ్లికి ముందే విడాకులా’ అన్నాడు, అది వేరే కథ. మరదలు తన పది సెంట్లు పెద్దన్ననే సగం కోరుకి చేసుకోమంది, తన సగం అమ్మకి పెట్టమంది.

అక్కడ నేను నోరు జారాను. ‘ఇవన్నీ ఇప్పుడే కాగితం మీద పెట్టి సంతకాలు చేస్తే మంచిది. బావి పక్క చెట్టు సంగతి కూడా రాయండి’ అన్నాను. తమ్ముడు మార్చి చెప్పాడు. చాప మీద ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. వాడ పెద్ద టీ గ్లాసు మూత తీసి మళ్లీ పెట్టాడు. మరదలి వాళ్లమ్మ నన్నే చూస్తూ నెమ్మదిగా ఏదో అంది, అందరూ నవ్వేశారు. తమ్ముడు చెప్పడానికి కాసేపు తటపటాయించాడు. ‘ఆ చెట్టు నాకంటే ముందు పడితే నేను చిన్నాయన దగ్గర కొత్తది నాటుతా, నేను ముందు పడితే అది వాళ్లదే, దీనికి రాసేదేముంది’ అందట.

బయల్దేరే రోజు ఆమె నాకు అరటాకులో చుట్టిన నాలుగు బెల్లం అచ్చులిచ్చింది. చెన్నై ఎయిర్‌పోర్టులో వాటిని వాసన చూసి వదిలేశారు. మూడు అచ్చులు కాఫీల్లో అయిపోయాయి, ఒకటి చాన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంది.

ఆ 1978 దస్తావేజు చదివిన రోజు రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. సర్టిఫికెట్లు వచ్చేశాయట, నాలుగు పేర్ల మీద నాలుగు. సర్వే ప్లాను ఫొటో పంపాడు. పెద్దది చేసి చూశాను. హద్దులున్నాయి, నంబర్లున్నాయి, మీటర్లున్నాయి. కంచె దగ్గర ఒక గీత, అటు చిన్నాన్న, ఇటు మరదలి తమ్ముడు.

‘చెట్టు ఎక్కడ్రా?’ అన్నాను.

‘చెట్లు ప్లానులో వేయరక్కా.’

‘బెల్లం వస్తోందా మరి?’

‘వస్తోంది. ఆ ముసలాయన ఎక్కలేకపోతున్నాడు, ఇప్పుడు వాళ్ల అల్లుడు ఎక్కుతున్నాడు. ఈ ఐదు రోజులు అత్తవే.’